కరెంటు ఇవ్వని ఫ్యూజన్ యంత్రం ముందు కావాలి

ఫ్యూజన్ మీద, అంటే తేలికపాటి పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం మీద, వార్త వచ్చిందంటే అందులో ఒక నిష్పత్తి తప్పకుండా ఉంటుంది. లోపలికి ఎంత శక్తి పంపారు, బయటికి ఎంత వచ్చింది? 2022 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీ 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి పెట్టి 3.15 మెగాజౌళ్లు రాబట్టినప్పుడు ప్రపంచమంతా దాని గురించే మాట్లాడింది. బ్రిటన్‌లోని జెట్ అనే టోకమాక్ (ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడెక్కిన వాయువును, వలయాకారపు అయస్కాంత క్షేత్రంలో బంధించే యంత్రం) 2023లో, మూతపడడానికి కొద్ది నెలల ముందు, ఒకే ప్రయోగంలో 69 మెగాజౌళ్లు ఇచ్చి రికార్డు సృష్టించినప్పుడూ అంతే. ఆ రెండు వార్తలకూ నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. అయినా నాకు ఒక బాధ ఉంది. చూపంతా ఆ నిష్పత్తి మీదే నిలిపి, ఈ రంగం దశాబ్దాలుగా ఒక ముఖ్యమైన పనిని వాయిదా వేస్తూ వచ్చింది. రియాక్టరు లోపలి గోడను ఏ లోహంతో కట్టాలి, కట్టాక అది ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నది ప్రయోగంతో తేల్చే పని అది. అది తేలాలంటే ముందుగా కట్టవలసింది కరెంటు ఇచ్చే ఫ్యూజన్ కేంద్రం కాదని నా వాదన. తిన్న కరెంటుకు బదులుగా న్యూట్రాన్లు ఇచ్చే చిన్న ప్లాస్మా యంత్రం కట్టాలి. ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. డిజైన్లు దశాబ్దాలుగా ఉన్నాయి. కట్టినవాళ్లు మాత్రం ఇంకా లేరు.

గోడ ఎందుకంత పెద్ద సమస్య అవుతుందో మొదటి నుంచి చూద్దాం. హైడ్రోజన్‌కు బరువైన రూపాలైన డ్యూటీరియం, ట్రిటియం కేంద్రకాలు కలిసినప్పుడు 17.6 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పుడుతుంది. అందులో 3.5 మిలియన్లు హీలియం కేంద్రకం తీసుకుంటుంది. దానికి విద్యుదావేశం ఉంది కాబట్టి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని ప్లాస్మాను వేడి చేస్తుంది. మిగిలిన 14.1 మిలియన్లు, అంటే మొత్తంలో 80 శాతం, న్యూట్రాన్‌తో వెళ్లిపోతాయి. న్యూట్రాన్‌కు ఆవేశం లేదు. ఏ అయస్కాంతమూ దాన్ని ఆపలేదు. నేరుగా వెళ్లి గోడలో దూరుతుంది. మనం కరెంటుగా మార్చుకోవాలనుకునే వేడి చాలావరకు ఆ న్యూట్రాన్ తెచ్చేదే. గోడను పాడుచేసేదీ అదే.

గోడలో దూరిన న్యూట్రాన్ ఒక ఇనుప పరమాణువును గట్టిగా ఢీకొంటే, ఆ పరమాణువుకు దాదాపు 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా శక్తి అందవచ్చు. స్ఫటికంలో తన చోటు నుంచి ఇనుప పరమాణువును కదిలించడానికి 40 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. కాబట్టి ఆ మొదటి పరమాణువు పక్కవాటిని, అవి వాటి పక్కవాటిని తోసేసుకుంటూ పోతాయి. వేలాది పరమాణువులు ఒక్కసారిగా చెల్లాచెదురవుతాయి. సెకనులో లక్షల కోట్లవ వంతు గడిచేసరికి వాటిలో ఎక్కువ భాగం ఖాళీగా ఉన్న ఏదో ఒక చోటులో కుదురుకుంటాయి. కుదురుకోనివే అసలు కథ. ఎక్కడో ఖాళీలు మిగిలిపోతాయి, ఇంకెక్కడో చోటు లేని పరమాణువులు ఇరుక్కుంటాయి. ఈ దెబ్బను డీపీఏ అనే కొలతతో లెక్కిస్తారు. లోహంలోని ఒక్కో పరమాణువు సగటున ఎన్నిసార్లు తన చోటు నుంచి కదిలిందో చెప్పే అంకె అది. చదరపు మీటరుకు 1 మెగావాట్ చొప్పున న్యూట్రాన్ శక్తి ఏడాది పొడుగునా తగిలితే ఉక్కులో సుమారు 10 డీపీఏ జమవుతుంది. యూరప్ తలపెట్టిన డెమో అనే నమూనా విద్యుత్ కేంద్రంలో గోడ తొలి దశలో 20, తర్వాత 50 డీపీఏ తట్టుకోవాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ అనే అంతర్జాతీయ టోకమాక్ మొత్తం జీవితకాలంలో దాని గోడకు తగిలేది 3 డీపీఏ లోపే. ఐటర్ ప్లాస్మా గురించి ఎన్నో విషయాలు నేర్పుతుంది. గోడ ఆయుష్షు గురించి మాత్రం అది నేర్పగలిగింది చాలా తక్కువ.

ఇంతవరకూ చెప్పింది సగమే. బరువైన కేంద్రకాలను చీల్చి నడిచే నేటి విచ్ఛిత్తి రియాక్టర్లలోనూ న్యూట్రాన్లు ఉక్కును దెబ్బతీస్తాయి, ఆ అనుభవం మనకు పుష్కలంగా ఉంది, దాన్నే వాడుకోవచ్చుగా అని ఎవరైనా అడగవచ్చు. అక్కడి న్యూట్రాన్ల సగటు శక్తి పుట్టినప్పుడే 2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. 14 మిలియన్ల న్యూట్రాన్ ఆ న్యూట్రాన్ చేయలేని పని ఒకటి చేస్తుంది. ఇనుము-56 కేంద్రకంలోకి దూరి దాన్ని క్రోమియం-53గా మార్చి, ఒక హీలియం కేంద్రకాన్ని బయటికి నెడుతుంది. ఈ చర్య జరగాలంటే న్యూట్రాన్‌కు కొన్ని మిలియన్ల శక్తి ఉండితీరాలి. అందుకే విచ్ఛిత్తి రియాక్టర్లో మామూలు ఫెర్రిటిక్ ఉక్కు 1 డీపీఏ దెబ్బ తినేలోగా పది లక్షల పరమాణువులకు ఒక్క హీలియం కూడా పుట్టదు. ఫ్యూజన్ గోడలో సుమారు 10 పుడతాయి.

పది లక్షల్లో పది ఏపాటిదని కొట్టిపారేయడానికి లేదు. హీలియం ఏ పరమాణువుతోనూ కలవదు, ఉక్కులో కరగదు. ఖాళీ కనిపించిన చోటల్లా చేరి బుడగ కడుతుంది. గ్రెయిన్ల, అంటే లోహంలోని చిన్న చిన్న స్ఫటికాల, సరిహద్దుల్లో పేరుకుని అక్కడ పట్టు సడలిస్తుంది. వంగవలసిన ఉక్కు పెళుసై విరిగిపోతుంది. పెళుసుదనం మొదలయ్యే ఉష్ణోగ్రత కూడా పైకి జరుగుతుంది. అంటే చల్లారినప్పుడు మాత్రమే ప్రమాదం అనుకున్నది పనిచేసే వేడికి దగ్గరగా వచ్చేస్తుంది. ఇంకొక్క విషయం చెబితే దీని తీవ్రత అర్థమవుతుంది. మందపాటి స్టీలు పలకలో పది లక్షల పరమాణువులకు ఒక్క హీలియం దాటితే దాన్ని మళ్లీ వెల్డింగ్ చేయడం నమ్మదగ్గ పని కాదని ఐటర్ డిజైన్‌లో పరిమితి పెట్టుకున్నారు. వెల్డింగ్ వేడికి హీలియం బుడగలు ఉబ్బి అతుకు పక్కనే పగుళ్లు తెస్తాయి. నిజమైన విద్యుత్ కేంద్రంలో ఆ పరిమితికి వందల రెట్లు హీలియం గోడలో చేరుతుంది. టంగ్‌స్టన్ సంగతి వేరు. అది న్యూట్రాన్లకు కొంచెం కొంచెంగా రీనియంగా, ఆస్మియంగా మారుతుంది. కట్టినప్పుడు ఒక లోహం, పదేళ్లకు మరో మిశ్రమ లోహం.

ఇవన్నీ కంప్యూటర్‌లో లెక్కగట్టవచ్చు, ప్రయోగం దాకా పోనక్కరలేదు అనేవాళ్లకు నేను ఎప్పుడూ స్కాట్లండ్‌లోని డౌన్‌రే గురించి చెబుతాను. అక్కడి ఫాస్ట్ రియాక్టర్లో (న్యూట్రాన్ల వేగం తగ్గించకుండా నడిపే విచ్ఛిత్తి రియాక్టర్) వాడిన స్టెయిన్‌లెస్ స్టీలును కాథోర్న్, ఫుల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. లోహం నిండా అతిచిన్న గుల్లలు కనిపించాయి. 1967లో ఆ ఫలితం ప్రచురించారు. ఫాస్ట్ రియాక్టర్ డిజైన్లు చేస్తున్నవాళ్లు ఆ గుల్లల వల్ల వచ్చే వాపును లెక్కలోకి తీసుకోలేదు. న్యూట్రాన్లు మిగిల్చిన ఖాళీలు ఒకచోట చేరి గుల్లలు కడతాయి, స్టీలు ఉబ్బుతుంది. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని నమూనాల ఘనపరిమాణం మూడో వంతు దాకా పెరిగింది. ఆ ఒక్క పరిశీలన వల్ల ప్రపంచంలోని ఫాస్ట్ రియాక్టర్ల డిజైన్లన్నీ మార్చుకోవలసి వచ్చింది, కొత్త రకం ఉక్కులు తయారు చేసుకోవలసి వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఆ గుల్లలు ఎలా బయటపడ్డాయన్నది. ఏ సిద్ధాంతమూ వాటిని ముందుగా చూపించలేదు. అసలైన న్యూట్రాన్లలో, అసలైన వేడిలో, తగినంత కాలం ఉంచిన అసలైన ముక్క చూపించింది. ఫ్యూజన్ న్యూట్రాన్లకు మన దగ్గర అలాంటి ముక్క ఒక్కటి కూడా లేదు. హీలియం, స్థానభ్రంశం రెండూ ఫ్యూజన్ నిష్పత్తిలో ఒకేసారి, పదుల డీపీఏ దాకా అనుభవించిన ఉక్కు ముక్క ఈ భూమ్మీద ఇంతవరకూ తయారు కాలేదు.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, వాటిని నేను తక్కువ చేయను. అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువుల) కిరణాలతో కొన్ని రోజుల్లోనే వంద డీపీఏ కొట్టవచ్చు, కానీ దెబ్బ తగిలేది కొన్ని మైక్రాన్ల లోతు వరకే. యూరప్ తయారు చేసిన యూరోఫర్ ఉక్కును రష్యాలోని బోర్-60 రియాక్టర్లో 70 డీపీఏ దాకా ఉంచి చూశారు, అందులో హీలియం దాదాపు లేదు. ఉక్కులో బోరాన్ గానీ నికెల్ గానీ కలిపితే విచ్ఛిత్తి న్యూట్రాన్లకే హీలియం పుడుతుంది. అయితే అది వేరే ఉక్కు అయిపోతుంది, వచ్చిన ఫలితంలో బోరాన్ పాపం ఎంతో, హీలియం పాపం ఎంతో విడదీయడం కష్టం. స్పలేషన్ సాధనాల్లో, అంటే ప్రోటాన్ కిరణంతో బరువైన లోహాన్ని కొట్టి న్యూట్రాన్లు రాల్చే చోట, హీలియం మోతాదుకు మించి పుడుతుంది. ఒక్కో పద్ధతీ సమస్యలో ఒక్కో భాగాన్ని చూపుతుంది. ఆ భాగాలన్నీ కూడితే మొత్తం వస్తుందన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు, ఎందుకంటే హీలియం ఉన్నప్పుడు గుల్లలు కట్టే తీరు వేరు, లేనప్పుడు వేరు.

మరి 14 మిలియన్ల న్యూట్రాన్లు నేరుగా ఎందుకు పుట్టించలేదు? పుట్టించారు. అమెరికాలోని లివర్‌మోర్‌లో ఆర్‌టీఎన్‌ఎస్-2 అనే సాధనం 1979 నుంచి 1987 దాకా పనిచేసింది. ట్రిటియం పట్టించిన లోహపు పళ్లేన్ని వేగంగా తిప్పుతూ దాని మీద డ్యూటీరియం కిరణం కొట్టేవారు. సెకనుకు 10 లక్షల కోట్లకు పైగా న్యూట్రాన్లు వచ్చేవి. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది. చదరపు మీటరుకు 1 మెగావాట్ అంటే గోడలో ప్రతి చదరపు సెంటీమీటరుకూ సెకనుకు 44 లక్షల కోట్ల న్యూట్రాన్లు. లివర్‌మోర్ సాధనం నుంచి నాలుగు దిక్కులా వెదజల్లే న్యూట్రాన్లలో ఒక ముక్కకు దక్కేది ఎంతని? ఏళ్ల తరబడి నడిపినా నమూనాలకు అందిన మోతాదు 1 డీపీఏలో చిన్న భాగమే. న్యూట్రాన్లు తొలి దెబ్బ ఎలా కొడతాయో దానివల్ల తెలిసింది. గోడ ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియలేదు.

ఆ సాధనాన్ని అక్కడ ఆపింది భౌతిక శాస్త్రమే, నా వాదనకు కీలకం కూడా అక్కడే ఉంది. వేగంగా వెళ్తున్న డ్యూటీరియం అయాన్ ఘన లోహంలోకి దూరితే అందులోని చల్లని ఎలక్ట్రాన్లు దాని శక్తినంతా క్షణాల్లో పీల్చేస్తాయి. ట్రిటియంతో కలిసే అవకాశం వచ్చేలోగానే అయాన్ ఆగిపోతుంది. పెట్టిన శక్తిలో దాదాపు అంతా వేడిగా మారి లక్ష్యాన్ని కరిగించాలని చూస్తుంది, పళ్లేన్ని తిప్పేది అందుకే. అదే అయాన్‌ను వేడి ప్లాస్మాలోకి పంపితే పరిస్థితి మారిపోతుంది. ప్లాస్మాలో ఎలక్ట్రాన్లు ఎంత వేడిగా ఉంటే అయాన్ మీద వాటి రాపిడి అంత తగ్గుతుంది. ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత నాలుగు రెట్లయితే అయాన్ వేగం తగ్గడానికి పట్టే సమయం ఎనిమిది రెట్లవుతుంది. ఆ సమయమంతా అది తిరుగుతూనే ఉంటుంది, ట్రిటియాన్ని ఢీకొనే అవకాశాలు పెరుగుతూనే ఉంటాయి. పైగా డ్యూటీరియం, ట్రిటియం కలయికకు మరీ పెద్ద శక్తి అక్కరలేదు. నిశ్చలంగా ఉన్న ట్రిటియం మీదికి సుమారు 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల డ్యూటీరియం వచ్చినప్పుడే ఆ అవకాశం గరిష్ఠం. అలాంటి కిరణాలను పుట్టించే ఇంజెక్టర్లు ఫ్యూజన్ ప్రయోగశాలల్లో మామూలుగా వాడేవే. కరగడానికి ఘనపదార్థం లేని లక్ష్యం అన్నమాట ప్లాస్మా.

కణాల వేగం పెంచే యాక్సిలరేటర్ల వర్గం మరో దారి పట్టింది. 40 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల డ్యూటీరియం కిరణాన్ని ప్రవహిస్తున్న ద్రవ లిథియం మీద కొడితే 14 మిలియన్ల చుట్టుపక్కల శక్తి ఉన్న న్యూట్రాన్లు ముందుకు దూసుకొస్తాయి. ఈ ఊహతో అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో ఎఫ్‌ఎంఐటీ అనే ప్రాజెక్టు మొదలై 1980లలో రద్దయింది. 1994లో అంతర్జాతీయ స్థాయిలో ఇఫ్మిఫ్ పేరుతో మళ్లీ మొదలైంది. ఒక్కొక్కటి 125 మిల్లీఆంపియర్ల చొప్పున రెండు కిరణాలు, సెకనుకు 15 మీటర్ల వేగంతో పారే లిథియం తెర. జపాన్‌లోని రొక్కాషోలో దాని యాక్సిలరేటర్ మొదటి భాగాన్ని కట్టి పరీక్షిస్తున్నారు. ఒకే కిరణంతో తగ్గించిన రూపం, డోన్స్, స్పెయిన్‌లో గ్రనాడా దగ్గరి ఎస్కూసర్‌లో రూపుదిద్దుకుంటోంది. దాన్ని కట్టాలి, ఆలస్యం లేకుండా కట్టాలి. ఈ వ్యాసం దానికి వ్యతిరేకం అని ఎవరైనా అనుకుంటే నాకు బాధ కలుగుతుంది.

కానీ దాని హద్దు ఏమిటో తెలిసి ఉండాలి. పూర్తి స్థాయి ఇఫ్మిఫ్‌లో కూడా ఏడాదికి 20 డీపీఏకు మించి దెబ్బ తగిలే చోటు మొత్తం అర లీటరు. కిరణం పడేది 20 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న చిన్న చోటు మీద. అక్కడి నుంచి వెనక్కి జరిగిన కొద్దీ న్యూట్రాన్లు త్వరత్వరగా పలచబడతాయి. న్యూట్రాన్లలో కొన్నిటి శక్తి 55 మిలియన్ల దాకా కూడా పోతుంది, ఫ్యూజన్ గోడలో అవి ఉండవు. అర లీటరులో వేలెడంత నమూనాలు వందల సంఖ్యలో పెట్టవచ్చు. ఉక్కు గుణాల పట్టిక తయారు చేయడానికి అది చాలు. కానీ రియాక్టర్ గోడ పట్టిక కాదు. అందులో వెల్డింగులు ఉంటాయి, ఉక్కుకూ టంగ్‌స్టన్‌కూ మధ్య అతుకులు ఉంటాయి, లోపల చల్లబరిచే గొట్టాలు ఉంటాయి, ఒక వైపు మండే వేడి, మరో వైపు చల్లని ప్రవాహం, మధ్యలో అయస్కాంత క్షేత్రం. ఆ వెనక లిథియంతో ట్రిటియం పుట్టించే బ్లాంకెట్. ఇవన్నీ కలిసి పనిచేసే చదరపు మీటరంత ముక్కను అర లీటరులో పట్టించడం ఎవరివల్లా కాదు. సామాన్యంగా యంత్రాలు చెడిపోయేది అతుకుల దగ్గరే కదా. అతుకులను పరీక్షించే చోటు మాత్రం ఇంతవరకూ లేదు.

ఇక్కడే నేను రష్యాలోని నొవొసిబిర్స్క్ వైపు చూస్తాను. అక్కడి బుడ్కర్ అణుభౌతిక సంస్థ పేరులో ఉన్న గెర్ష్ బుడ్కర్, అమెరికాలో రిచర్డ్ పోస్ట్, 1950లలో ఒకరికొకరు తెలియకుండా అయస్కాంత దర్పణం (మిర్రర్) అనే ఊహ చేశారు. తిన్నని గొట్టంలాంటి అయస్కాంత క్షేత్రం, రెండు చివర్లా క్షేత్రం బాగా బలంగా ఉంటుంది. బలమైన చోటుకు వచ్చిన అయాన్లలో చాలావరకు వెనక్కి తిరుగుతాయి. కొన్ని తప్పించుకుపోతాయి, విద్యుత్ కేంద్రానికి అదే శాపం. 1979లో మిర్నోవ్, ర్యుతోవ్ దీనిలో ఒక ప్రత్యేక రకాన్ని ప్రతిపాదించారు. దాని పేరు గ్యాస్ డైనమిక్ ట్రాప్. మధ్యలో దట్టమైన, ఒక మోస్తరు వేడి ప్లాస్మా ఉంటుంది, చివర్ల నుంచి అది చిన్న రంధ్రంలోంచి గ్యాసు లీకయినట్లు నెమ్మదిగా లీకవుతుంది. ఎంత లీకవుతుందో సూటిగా లెక్క కట్టవచ్చు. మధ్యలో పెద్దగా అల్లకల్లోలం లేకుండా స్థిరంగా ఉంటుంది.

ఆ ప్లాస్మాలోకి డ్యూటీరియం, ట్రిటియం కిరణాలను ఏటవాలుగా పంపుతారు. ఆ వేగవంతమైన అయాన్లు రెండు చివర్ల మధ్య అటూ ఇటూ ఊగుతాయి. వెనుదిరిగే చోట వాటి ముందుకు సాగే వేగం సున్నా అవుతుంది కాబట్టి ఎక్కువ సేపు అక్కడే గడుపుతాయి. అక్కడ వాటి సాంద్రత కొండలా పెరుగుతుంది. ఫ్యూజన్ కూడా అక్కడే జరుగుతుంది. అంటే యంత్రం పొడవునా పలచగా న్యూట్రాన్లు వెదజల్లకుండా, రెండు చోట్ల మాత్రం కేంద్రీకరించి ఇస్తుంది. ఆ రెండు చోట్ల చుట్టూ పరీక్షించవలసిన ముక్కలు పెట్టుకోవచ్చు. యంత్రంలోని మిగతా గోడలకు దెబ్బ తక్కువ. నాకు ఈ డిజైన్‌లో అన్నిటికన్నా అందంగా అనిపించే విషయం ఇది. గోడ ఎన్నాళ్లు నిలుస్తుందో తెలుసుకోవడానికి గోడ బాగా నిలిచే యంత్రం ముందే కావాలన్న చిక్కుముడిని ఇది చాలావరకు విప్పేస్తుంది. నొవొసిబిర్స్క్ పరిశోధకుల డిజైన్ ప్రకారం సుమారు ఒక చదరపు మీటరు మీద 2 మెగావాట్ల న్యూట్రాన్లు తగులుతాయి. పూర్తి ఏడాది నడిస్తే 20 డీపీఏ. మరమ్మతులకూ ఇతర విరామాలకూ మూడో వంతు కాలం పోయినా నాలుగేళ్లలో 50 దాటవచ్చు.

ఇప్పుడు ట్రిటియం లెక్క చూడండి, నా దృష్టిలో వాదన తేలేది ఇక్కడే. 1 మెగావాట్ ఫ్యూజన్ శక్తి ఏడాది పాటు కావాలంటే 56 గ్రాముల ట్రిటియం ఖర్చవుతుంది. ట్రిటియం ప్రకృతిలో దొరకదు. పుట్టినా 12.3 ఏళ్లకు సగం క్షీణిస్తుంది. పౌర అవసరాలకు ప్రపంచంలో ఉన్నది ప్రధానంగా కెనడా రూపొందించిన కాండూ రియాక్టర్ల భారజలం నుంచి తీసినది, 25 నుంచి 30 కిలోల లోపు. 500 మెగావాట్ల టోకమాక్‌ను ఏడాది ఆపకుండా నడిపి గోడను పరీక్షిద్దామంటే ఇంచుమించు ఆ నిల్వ అంతా అందులోనే పోతుంది. తనకు కావలసిన ట్రిటియం తానే పుట్టించుకునే బ్లాంకెట్ ఉంటే సరి, కానీ ఆ బ్లాంకెట్ పనిచేస్తుందో లేదో తేల్చడానికే కదా ఈ పరీక్ష. 2 మెగావాట్ల చుట్టుపక్కల ఫ్యూజన్ శక్తితో పనిచేసే మిర్రర్ యంత్రానికి ఏడాదికి వంద గ్రాములు దాటి కొంచెం చాలు. బ్లాంకెట్ విఫలమైనా ఆ ప్రయోగం ఆగదు, మరో బ్లాంకెట్ పెట్టి చూడవచ్చు.

ఇన్ని సుగుణాలున్నది ఇంతకాలం ఎందుకు కట్టలేదు? లివర్‌మోర్‌లో జరిగింది చూస్తే జవాబులో పెద్ద భాగం దొరుకుతుంది. అక్కడ ఎంఎఫ్‌టీఎఫ్-బీ అనే భారీ మిర్రర్ యంత్రాన్ని 37 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి కట్టారు. 1986 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. మర్నాడే మూసేశారు. ఒక్క ప్రయోగం కూడా చేయలేదు. బడ్జెట్ కోత కారణం. ఉన్న డబ్బు టోకమాక్‌కు పెట్టాలన్నారు, ఎందుకంటే శక్తి నిష్పత్తిలో టోకమాక్ ముందుంది. విద్యుత్ కేంద్రం పోటీలో మిర్రర్ ఓడిపోయిన మాట నిజం. కానీ ఆ పోటీలో ఓడిన యంత్రాన్ని వేరే పనికి, అది అన్నిటికన్నా బాగా చేయగల పనికి, వాడుకుందామన్న ప్రతిపాదన లివర్‌మోర్ పరిశోధకులు ఆ రోజుల్లోనే చేశారు. దానికి నిధులు రాలేదు. కరెంటు మిగల్చని ఫ్యూజన్ యంత్రానికి డబ్బు అడగడం కష్టం. అడిగితే వైఫల్యాన్ని ఒప్పుకున్నట్లు వినిపిస్తుంది. పదుల మెగావాట్లు తిని 2 మెగావాట్లు ఇచ్చే యంత్రం అనగానే వినేవాళ్ల ముఖం మారుతుంది. ఎక్స్‌రే యంత్రం ఎంత కరెంటు తిని ఎంత ఇస్తుందని ఎవరూ అడగరు. న్యూట్రాన్ సాధనాన్ని అడగవలసింది కూడా ఏడాదికి ఎన్ని డీపీఏ, ఎంత వైశాల్యం మీద, ఎన్ని గంటలు ఆగకుండా అని.

నొవొసిబిర్స్క్‌లో కట్టిన గ్యాస్ డైనమిక్ ట్రాప్ మాత్రం నడుస్తూనే వచ్చింది. మధ్య భాగం 7 మీటర్లు. వలయాకారపు కాయిళ్లే తప్ప లివర్‌మోర్‌లో వాడినట్లు మెలికలు తిరిగిన భారీ కాయిళ్లు లేవు. అలాంటి సాదా మిర్రర్‌లో ప్లాస్మా పక్కకు జారిపోతుందని అందరూ భయపడేవారు. అంచుల్లో వోల్టేజి ఇచ్చి ప్లాస్మాను తిప్పుతూ వాళ్లు దాన్ని నిలబెట్టారు. ప్లాస్మా పీడనాన్ని అయస్కాంత పీడనంలో 60 శాతం దాకా తీసుకెళ్లారు. టోకమాక్‌లలో మామూలుగా అది కొద్ది శాతమే. చివర్ల ద్వారా వేడి అంతా పోతుంది, ఎలక్ట్రాన్లు ఎప్పటికీ చల్లగానే ఉంటాయి అన్నది మిర్రర్‌ల మీద పాత అపవాదు. 2015లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో మైక్రోవేవ్ తాపనంతో ఎలక్ట్రాన్ ఉష్ణోగ్రత 900 ఎలక్ట్రాన్ వోల్టులకు, అంటే సుమారు కోటి డిగ్రీలకు చేరింది. ముందు 250 దగ్గర ఉండేది. పైన చెప్పిన రాపిడి లెక్క ప్రకారం, అదే సాంద్రతలో అయాన్ దాదాపు ఏడు రెట్లు ఎక్కువ కాలం వేగంగా తిరుగుతుంది. న్యూట్రాన్ సాధనానికి కావలసిన మేరకు ఆ ఉష్ణోగ్రత చాలు. ఫ్యూజన్ చరిత్రలో ఇంత ముఖ్యమైన ఫలితం ఇంత నిశ్శబ్దంగా వచ్చి వెళ్లడం చూసి నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

ఇక లోపాలు. పెద్ద లోపం సమయం. నొవొసిబిర్స్క్‌లో కిరణాలు నడిచేది కొన్ని మిల్లీసెకన్లు. కావలసింది నెలలు. అన్ని నెలలు ఆగకుండా నడిచే కిరణ ఇంజెక్టర్లు ఎవరూ కట్టలేదు. రెండు చివర్లా పడే వేడిని, బయటికి వచ్చే ట్రిటియాన్ని పట్టి శుభ్రపరిచి మళ్లీ వాడే ఏర్పాటు కావాలి. అసలు మిర్రర్ యంత్రంలో ట్రిటియంతో ప్రయోగాలు ఇంతవరకూ పెద్ద ఎత్తున జరగలేదు. ఇవి చిన్న కష్టాలు కావు. కానీ ఇవన్నీ ఏ ఫ్యూజన్ విద్యుత్ కేంద్రమైనా ఎలాగూ దాటవలసినవే, అక్కడ వందల రెట్లు పెద్ద స్థాయిలో. చిన్న యంత్రంలో ముందు ఎదుర్కోవడం నష్టం ఎలా అవుతుంది? ప్లాస్మా ఫోకస్ లాంటి సాధనాలను ఈ పనికి సూచించేవాళ్లూ ఉన్నారు. అవి ఒక్కో మెరుపులో చాలా న్యూట్రాన్లు ఇస్తాయి, సగటు తీస్తే ఈ పనికి ఏ మూలకూ రావు.

యూరోఫ్యూజన్ కూటమి ఈ మధ్య కిరణాలతో నడిచే చిన్న టోకమాక్‌ను న్యూట్రాన్ సాధనంగా కట్టే విషయం అధ్యయనం చేస్తోంది. తిన్నదానికన్నా తక్కువ ఇస్తుందని తెలిసే, బ్లాంకెట్ల పరీక్ష కోసమే దాన్ని తలపెట్టారు. నాకు మిర్రర్ మీద మక్కువ ఉన్నా ఈ వార్త చూసి చాలా సంతోషించాను. టోకమాక్ అయితే ప్లాస్మా గురించి తెలిసినది ఎక్కువ, ఎక్కువ వైశాల్యం మీద పరీక్ష చేయవచ్చు. బదులుగా ట్రిటియం ఎక్కువ కావాలి, గోడకు తగిలే న్యూట్రాన్ల తాకిడి తక్కువ, 50 డీపీఏ చేరడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది. రెండిట్లో ఏది కట్టినా నేను దాని పక్షమే.

ప్రైవేటు కంపెనీల వాదనతో మాత్రం నేను ఏకీభవించలేను. వాళ్లలో చాలామంది 2030లలోనే కరెంటు అమ్ముతామంటున్నారు. గోడ సంగతి అడిగితే, లోపలి భాగాలను మార్చుకునేలా కడతాం, ఏడాదికో రెండేళ్లకో తీసి కొత్తవి పెడతాం, అలా నేర్చుకుంటాం అంటారు. నేర్చుకోవచ్చు, కానీ విద్యుత్ కేంద్రం మంచి ప్రయోగశాల కాదు. ప్రయోగశాలలో పది రకాల ఉక్కులను పది ఉష్ణోగ్రతల్లో పక్కపక్కనే పెట్టి, మధ్యలో తీసి చూసి, మళ్లీ పెట్టవచ్చు. విద్యుత్ కేంద్రంలో ఒక ఉక్కు, ఒక డిజైన్, ఒక ఉష్ణోగ్రతా పరిధి. ఏదైనా పగిలితే కేంద్రం మొత్తం ఆగుతుంది, రేడియోధార్మికత వల్ల మనిషి దగ్గరికి పోలేడు, రోబోలతో నెలల పని. అతుకు మళ్లీ వెల్డింగ్ చేద్దామంటే లోపల హీలియం ఉంది. ఇక భద్రతా నియంత్రణ సంస్థ ఈ గోడ ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగితే చూపించడానికి ఏ పరీక్ష ఫలితం ఉంటుంది? ఈ మూడు నాలుగేళ్లలో ఫ్యూజన్ కంపెనీల్లోకి వందల కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో చిన్న వాటా కలిపి పెట్టుకున్నా అందరికీ పనికివచ్చే న్యూట్రాన్ సాధనం ఒకటి లేస్తుంది.

సాంకేతికంగా ఇంతకన్నా అనుకూల సమయం కూడా లేదు. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వామ్ అనే మిర్రర్ యంత్రం 2024 జులైలో తొలి ప్లాస్మా పుట్టించింది. దాని చివర్లలో అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్ కాయిళ్లు 17 టెస్లాల క్షేత్రాన్ని ఇస్తున్నాయి. పాతకాలపు మిర్రర్‌లకు ఇలాంటి అయస్కాంతాలు దొరకలేదు. చివర్లలో క్షేత్రం ఎంత బలంగా ఉంటే లీకు అంత తగ్గుతుంది, యంత్రం అంత పొట్టిగా, చవకగా కట్టవచ్చు. అక్కడి నుంచి పుట్టిన కంపెనీ లక్ష్యం చివరికి విద్యుత్తే. ఆ దారిలో మొదటి మజిలీ న్యూట్రాన్ సాధనం కావాలని నేను కోరుకుంటున్నాను.

ఆ మజిలీ కూడా ఒక్క గెంతులో వద్దు. ముందు ట్రిటియం లేకుండా, డ్యూటీరియం ఒక్కదానితోనే, నెలల తరబడి కిరణాలు ఆపకుండా నడిచే మిర్రర్ ఒకటి కట్టాలి. ఇంజెక్టర్లు, చివరి పలకలు, పంపులు ఎక్కడ ఎప్పుడు చెడతాయో అది చూపిస్తుంది. డ్యూటీరియం చర్యల్లో కూడా కొంచెం ట్రిటియం, కొన్ని న్యూట్రాన్లు పుడతాయి కాబట్టి దాన్ని కూడా మందపాటి గోడల మధ్యే పెట్టాలి. అది కుదిరాక అదే డిజైన్‌తో, వంద గ్రాముల ట్రిటియం లైసెన్సుతో, రెండోది. దాని మొదటి పరీక్షా స్థానంలో కొత్త మిశ్రమ లోహాల కన్నా ముందు యూరోఫర్ ఉక్కు వెల్డింగులు పెట్టమంటాను. బోర్-60లో 70 డీపీఏ దాకా చూసిన ఉక్కు కాబట్టి, హీలియం చేరాక ఎంత తేడా వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.